చింతపండు తాగిన బండి

రత్నకుమారి కుడి మోకాలు పోయిన సెప్టెంబరులో మొరాయించింది. సొరపాదు ఇంకా కాస్తూనే ఉంది, ఆవిడ మాత్రం దాని దాకా వెళ్ళలేకపోయింది. ఆఖరి రెండు కాయలూ పాదు మీదే ముదిరిపోయాయి. మంచు కరిగాక చూస్తే నేలకి అతుక్కుపోయి, చెప్పుల అట్టల్లా ఉన్నాయి.

వాళ్ళ ఇల్లు కెనడాలో గ్వెల్ఫ్ ఊరి అంచున, సిటీ బస్సు వెనక్కి తిరిగే చోటికి ఇంకాస్త అవతల. పాతకాలపు స్థలం కాబట్టి వెడల్పు తక్కువ, పొడవు చాలా ఎక్కువ. ఇంటి చుట్టూ మేపుల్ చెట్ల నీడ. ఎండ నిలబడేది పెరటి చిట్టచివర, కంచె పక్కనే. అందుకని తోట అక్కడ వేసింది. మధ్యలో ఒక పల్లం ఉంది. సమంగా ఉన్న నేల మీద ఎంతైనా నడవచ్చు, బరువు పట్టుకుని ఎత్తుపల్లాలు మాత్రం వద్దన్నాడు ఫిజియోథెరపీ అబ్బాయి. ఎరువు మూటలూ నీళ్ళ క్యాన్లూ మోయకుండా తోటేమిటి?

"ఈ ఏడు మానేద్దాంలే రత్నా," అన్నాడు భర్త సీతారామారావు, ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ. ఆయన టొరంటోలో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూస్తాడు. వారానికి రెండు రోజులు రైలెక్కి వెళ్తాడు, మిగతా రోజులు మేడ మీద గదిలోనే ఆఫీసు. "గోంగూర బ్రాంప్టన్‌లో మన షాపుల్లో దొరుకుతుంది కదా."

"దొరుకుతుంది. ఫ్లైటెక్కి వచ్చిన చుట్టంలా వాడిపోయి దొరుకుతుంది."

"మోకాలికి వ్యాయామం కావాలంటే గరాజ్‌లో ట్రెడ్‌మిల్ ఉంది. సమంగా ఉంటుంది. దాని మీద నడువు."

"మీరు నడుస్తారుగా, చూస్తున్నాను."

ఆ ట్రెడ్‌మిల్ కొన్న వారం తర్వాత దాని మీద మనిషి ఎక్కలేదు. చలికాలమంతా తడి కోట్లూ సాక్సులూ ఆరేసేది దాని మీదే.

రత్నకుమారి కిటికీ వైపు చూసింది. పెరుగు డబ్బాల్లో నారు నాలుగాకులు వేసింది. గోంగూర, సొర, టమాటా, పచ్చిమిర్చి. మే నెలలో విక్టోరియా డే లాంగ్ వీకెండ్ వస్తే గాని ఇక్కడ మొక్కని నేలలో పెట్టరు. ఆ లోపు దారి దొరక్కపోతే ఇవన్నీ డబ్బాల్లోనే ఎండిపోతాయి.

"అన్నట్టు, షెడ్‌లో ఆ పాత బండికి యాడ్ పెట్టాను," అన్నాడు సీతారామారావు. "ఫ్రీ, మీరే వచ్చి తీసుకెళ్ళాలి అని. హామిల్టన్ నుంచి ఒకాయన లాంగ్ వీకెండ్ ఆదివారం ట్రక్కు తెస్తానన్నాడు."

"ఏ బండి అంకుల్?" అంటూ కింద నుంచి మెట్లెక్కి వచ్చింది కావ్యశ్రీ. బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న అమ్మాయి. కరీంనగర్ దగ్గర నుంచి వచ్చింది. అక్కడ మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది, ఇక్కడ కాలేజీలో సప్లై చెయిన్ చదువుతోంది. చదువు కాని వేళల్లో కాఫీ షాపులో పని. ఆ ఏడాది ఊళ్ళో ఎటు చూసినా మన పిల్లలే. బస్సు ఎక్కితే వెనక సీట్లన్నీ తెలుగే మాట్లాడేవి. రూము దొరక్క ఒక హాల్లో పరుపులు పరుచుకుని నలుగురితో ఉన్న పిల్ల, ఈ ఇంటికి వచ్చిన రోజు తలుపు ఉన్న గదిని చూసి, తలుపు రెండుసార్లు వేసి తీసి చూసుకుంది.

"మూడు చక్రాల మోటారు బండి, మట్టిదారుల్లో తిరిగేది. ఎనభైల నాటిది. ఇల్లు కొన్నప్పుడు దానితోపాటే వచ్చింది," అన్నాడు సీతారామారావు. "అవి తిరగబడుతున్నాయని చేయడమే మానేశారు. మనకెందుకు?"

కావ్యశ్రీ చేతిలోని టిఫిన్ డబ్బా సింకులో పెట్టి, చేతులైనా తుడుచుకోకుండా షెడ్ వైపు నడిచింది. వెనకే రత్నకుమారి.

టార్పాలిన్ తీస్తే, మంచు ఎత్తే పారల కింద ఎర్ర బండి. ముందు ఒకటి, వెనక రెండు, గుమ్మడికాయల్లాంటి లావు చక్రాలు. సీటు చిరిగి పసుప్పచ్చ స్పాంజి బయటికొచ్చింది. అందులో ఎలుక ఎప్పుడో కాపురం పెట్టి ఖాళీ చేసినట్టుంది. వెనక ఇనప క్యారియర్ మాత్రం గట్టిగా ఉంది.

కావ్యశ్రీ పక్కనున్న తాడు పిడి పట్టుకుని మెల్లగా లాగింది. లోపల ఏదో బరువుగా కదిలి, బుస్సుమంది.

"జామ్ కాలే ఆంటీ! ఇంజన్ తిరుగుతున్నది!"

రత్నకుమారి అడిగింది ఒకటే. "వెనక ఎరువు మూట పెట్టచ్చా?"

"రెండు పెట్టొచ్చు."

"కాలితో తన్నాలా?"

"లేదు. చేత్తో తాడు గుంజాలె, బొటనవేలితో రేస్ ఇయ్యాలె. గేర్ ఎడమ కాలికి. మీ కుడి మోకాలికి రెస్టే."

"మరి లైసెన్సు?" అంది రత్నకుమారి. కారు పరీక్షలో పారలల్ పార్కింగ్ దగ్గర ఆవిడ ఇప్పటికి రెండుసార్లు ఆగిపోయింది.

"మన పెరట్ల మనకు లైసెన్స్ ఏంది ఆంటీ."

రత్నకుమారి ఇంట్లోకి వచ్చి చెప్పింది. "ఏవండీ, ఆ హామిల్టన్ ఆయన్ని రావద్దనండి. బండి నాకు కావాలి."

సీతారామారావు కప్పు కింద పెట్టాడు. "నువ్వా? దాని మీదా?"

వాళ్ళమ్మాయి సాత్విక పదకొండో క్లాసు. ఫోనులోంచి తలెత్తకుండా అంది. "అమ్మా, దట్ థింగ్ ఈజ్ లిటరల్లీ ఎ డెత్ ట్రాప్."

"చూశావా, పిల్ల కూడా అంటోంది. సరే, పందెం," అన్నాడు సీతారామారావు. గెలుస్తానన్న ధీమా ఉన్నప్పుడే ఆయన పందేలు కాస్తాడు. "ఆయన ట్రక్కు వచ్చేలోపు అది స్టార్టయి, నువ్వు దాని మీద కంచె దాకా వెళ్ళి తిరిగొస్తే బండి నీదే. లేకపోతే ఆయన తీసుకుపోతాడు, తోట మాట ఈ ఏడు ఎత్తకూడదు. దాని మీద ఎక్కువ ఖర్చు పెట్టడం కూడా కుదరదు."

"ఒప్పుకున్నాను," అంది రత్నకుమారి, ఆయనకి కనబడకుండా మోకాలు పట్టుకుంటూ.

ఆ మర్నాటి నుంచి సాయంత్రాలు షెడ్‌లోనే. కావ్యశ్రీ నట్లు విప్పేది, రత్నకుమారి పాత పోపుల డబ్బా ఒకటి తెచ్చి, వాటిని గిన్నెకొక భాగం చొప్పున వేసేది. ఆవాల గిన్నెలో కార్బురేటర్ మరలు, మెంతుల గిన్నెలో బ్రేకువి. కొత్తగా కొన్నది ప్లగ్గూ ఇంజనాయిలే. చివికిన స్టార్టర్ తాడు బదులు బట్టలారేసే నైలాన్ తాడు ఎక్కింది. టైర్లకి సబ్బునీళ్ళు రాసి, బుడగలొచ్చిన చోటల్లా అతుకు పెట్టారు. ఇండియా నుంచి వచ్చినప్పటి పెద్ద సూట్‌కేసు ఒకటి చక్రాలూడి మూలన పడి ఉంటే, దాని పైతోలు కోసి, గోనెసంచి సూదితో సీటుకి తొడుగు కుట్టింది రత్నకుమారి. జాకెట్టుకి వేసినట్టు అంచుకి పైపింగ్ కూడా వేసింది.

"పైపింగ్ ఎందుకు ఆంటీ, మట్టిల తిరిగే బండికి?"

"కూర్చునేది నేను."

కావ్యశ్రీ మోచేతుల దాకా నల్లగా ఉన్నా, ఆ సాయంత్రాలు ఆ పిల్ల ముఖం కళకళలాడేది. "ఇక్కడికొచ్చినంక స్పానర్ ముట్టలే ఆంటీ. కప్పులకు మూతలు పెట్టుడే. మా నాయిన పంపుసెట్ ఖరాబైతే నేనే బాగుచేసేది. ఇప్పుడు ఫోన్ చేసి, మోటర్ విప్పినా అని చెప్తే, ఫీజు కట్టింది దానికేనా అంటున్నడు."

సీసాలోంచి కాస్త పెట్రోలు పోసి చూస్తే ఇంజను దగ్గి, ముక్కి, కాసేపు తిరిగింది. ఇక మిగిలింది ట్యాంకు. లోపల టార్చి వేసి చూస్తే ఎర్రటి తుప్పు, రేకులు రేకులుగా.

"రస్ట్ రిమూవర్ కొనాలె," అంది కావ్యశ్రీ.

"దేనికి? తుప్పేగా," అంది రత్నకుమారి. "దీపాల కుందులు దేనితో తోముతాం?"

పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పిని ఆవిడ ఏనాడూ పారేయదు. ఫ్రీజరులో ఒక డబ్బా నిండా ఉంటుంది, ఇత్తడి సామాన్ల కోసం. ఆ పిప్పి, గుప్పెడు రాళ్ళుప్పు, మరిగే నీళ్ళు ట్యాంకులో పోసి, నాలుగు పాత బోల్టులు వేసి, మూత బిగించి, చంటిపిల్లాణ్ణి ఆడించినట్టు ఊపింది. రెండు రోజులు అలాగే నానబెట్టారు. కడిగి, సాత్విక హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి చూస్తే లోపల కొత్త గిన్నెలా మెరిసింది.

"ఆంటీ!" అంది కావ్యశ్రీ, ట్యాంకులో ముఖం పెట్టి. "మా ల్యాబ్‌ల కూడా ఇట్ల రాలే!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. ట్యాంకు అడుగున పెట్రోలు దిగే చోట ఉండవలసిన చిన్న జల్లెడ చినిగిపోయి ఉందని ఇద్దరికీ తెలుసు. తర్వాత తెప్పిద్దాంలే అనుకున్నారు.

శనివారం సాయంత్రం, ట్రక్కు రావడానికి ఒక్క పూట ముందు, ట్యాంకు బిగించి పెట్రోలు పోశారు. కావ్యశ్రీ మూడోసారి తాడు గుంజగానే బండి ఒక్కసారిగా అరిచింది. నీలం పొగ షెడ్ నిండా కమ్ముకుంది. సీతారామారావు సాక్సులతోనే పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు. సాత్విక మేడ మీద కిటికీలోంచి "నో వే!" అని కేక పెట్టింది.

కావ్యశ్రీ ముందు తను నడిపి చూస్తానని ఎక్కింది. పల్లం దాకా దర్జాగా వెళ్ళింది. పల్లంలోకి దిగిన బండి ఎక్కలేదు. దగ్గింది, ఆగింది. మళ్ళీ తాడు గుంజితే అంటుకుంది, నాలుగు అడుగులు వేసి మళ్ళీ ఆగింది. చివరికి కావ్యశ్రీ, మేడ దిగొచ్చిన సాత్విక కలిసి తోసుకుంటూ తెచ్చారు. సీతారామారావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పాపం, కంచె ఇంకా దూరమే."

"నవ్వండి. నవ్వితే మీ సొమ్మేం పోయింది."

కావ్యశ్రీ అడుగున పెట్రోలు ట్యాప్ విప్పింది. ఒక గిన్నెలోకి పెట్రోలు కారింది. దానితోపాటు సన్నగా, గోధుమరంగులో ఏదో. వేలితో తీసింది. పీచు. తర్వాత ఒక తొక్క ముక్క. తర్వాత, స్పష్టంగా, సగం చింతగింజ పెంకు.

సీతారామారావు గిన్నె దగ్గరికి వంగి వాసన చూశాడు.

"రత్నా, పులుసు పెట్టావా బండికి?"

"పులుసు కాదు, తోమడానికి."

"కరివేపాకు వేయలేదేం మరి? ఇంగువ పలుకు?"

"నాన్నా, స్టాప్," అంది సాత్విక. కానీ తనకీ నవ్వాగలేదు.

"పాతికమందికి పులిహోర చేస్తావు, ఒక్క పీచు తగలనివ్వవు! ఇక్కడ వడకట్టడం ఏమైంది?"

రత్నకుమారికి కూడా అదే అంతుబట్టలేదు. వంటకైతే చేతులు వాటంతటవే వడపోస్తాయి. తోమడానికైతే పిప్పి పిప్పిగానే పులమాలి. ట్యాంకు దగ్గర ఆవిడ చేతులు ఇత్తడి కుందుల దగ్గరే ఉండిపోయాయి. గట్టిగా కడిగానే అనుకుంది, మూలల్లో అంటుకున్నది పెట్రోలు పోశాక ఊడినట్టుంది. కిటికీలో నారు వైపు చూసింది. సొరమొక్క తీగ సాగి, కిటికీ గొళ్ళెం పట్టుకుని ఉంది.

"ఆంటీ, టెన్షన్ పడకండ్రి," అంది కావ్యశ్రీ. "రేపు పొద్దుగాల కార్బురేటర్ మళ్ళా విప్పుదాం."

ఆదివారం పొద్దున్నే వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి కార్బురేటర్ విప్పారు. ట్యాంకుని వేడినీళ్ళతో తెల్లనీళ్ళు వచ్చేదాకా కడిగి ఆరబెట్టారు. కార్బురేటర్లో పెట్రోలు ధార కొలతగా పోయే చిన్న ఇత్తడి మర ఉంటుంది. దాని మధ్యలో వెంట్రుకంత కన్నం. వెలుతురుకి పెట్టి చూస్తే అవతలి వెలుగు కనబడాలి. కనబడలేదు. పీచు ఇరుక్కుపోయింది.

"పిన్నీసు ఉన్నదా ఆంటీ?"

రత్నకుమారి గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. కావ్యశ్రీ దాని మొన కన్నంలో పెట్టబోయింది.

"ఆగు! ఆగు!" అని అరిచాడు సీతారామారావు, స్టౌ దగ్గర నుంచి. డికాషన్ ఫిల్టరు చేతిలోనే ఉంది. "పిన్నీసా? బుద్ధుందా మీకు?"

"ఏమైంది అంకుల్?"

"పిన్నీసు పెడితే కన్నం పెద్దదవదూ! మా పాత ఫిల్టరుకి ఒకసారి మీ ఆంటీ సూది పెట్టి పొడిచింది. ఆ తర్వాత డికాషన్ నీళ్ళలా దిగిపోయి, నెల రోజులు కాఫీ అన్నది తాగలేదు నేను. ఫిల్టరు మార్చాల్సొచ్చింది. అదీ ఇత్తడే, ఇదీ ఇత్తడే. మెత్తగా ఉంటుంది. ఇటివ్వు."

ఆయన ఫిల్టరు పక్కన పెట్టి, సొరుగులోంచి పాత చార్జరు వైరొకటి తెచ్చాడు. దాని పైతొడుగు వలిచి, లోపలి రాగి తీగల్లో అన్నిటికన్నా సన్నదాన్ని ఒక్కదాన్ని వేరుచేశాడు. వారానికోసారి ఫిల్టరు కన్నాలు శుభ్రం చేసుకునేది అలాంటి తీగతోనే. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, కిటికీ వెలుగుకి ఆ చిన్న మరను పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తీగని లోపలికి పంపాడు. ఒకసారి. ఇంకోసారి. పీచు ముక్క బల్ల మీద పడింది. కన్నంలోంచి ఆవగింజంత వెలుగు.

"అదీ!" అన్నాడు.

అంతటితో ఆగలేదు. "ఆ జల్లెడేది, చినిగింది?" అని అడిగి, టీ వడకట్టే స్టీలు చిక్కాన్ని తెచ్చి, రత్నకుమారి వద్దనే లోపు కత్తెరతో దాని జాలీ గుండ్రంగా కోశాడు. ట్యాప్ మూతికి రెండు మడతలు వేసి బిగించాడు. "వడకట్టకుండా ఏదీ పోయకూడదు. కాఫీ అయినా పెట్రోలైనా."

"అంకుల్, మీరు పందెం ఓడిపోతరు తెలుసా?" అంది కావ్యశ్రీ.

సీతారామారావు చేయి ఆగింది. నిజంగానే మరిచిపోయాడని ముఖం చూస్తే తెలిసింది. రత్నకుమారి వైపు చూశాడు.

"పడతావేమోనని రత్నా," అన్నాడు మెల్లగా. "అంతకన్నా ఏం లేదు. ఆ మోకాలితో."

"పడితే మీరు లేరా?"

ఆయన స్క్రూడ్రైవరు తీసుకుని మరలు బిగించడం మొదలుపెట్టాడు.

బండి రెండో గుంజుకే అంటుకుంది. ఈసారి గొంతు సాఫుగా ఉంది. సాత్విక తన స్కీయింగ్ హెల్మెట్ తెచ్చి అమ్మ తలకి తొడిగి, గడ్డం కింద గట్టిగా బిగించింది. "లూజ్‌గా పెట్టుకుంటే ఐ స్వేర్, నేనే తీసుకెళ్ళి ఆ ట్రక్కులో పడేస్తా," అంది. ఆ పిల్ల అంత పొడుగు తెలుగు మాట్లాడి చాలా రోజులైంది.

"కాళ్ళు కింద పెట్టొద్దు ఆంటీ, చక్రం కిందికి పోతయి," అని చెప్పింది కావ్యశ్రీ. "మలిపేటప్పుడు ఒళ్ళు మలుపు దిక్కు వంచాలె. నిటారుగా కూసుంటే తిరగబడుతది."

"వంగడం నాకు చెప్పక్కర్లేదు. కాకినాడలో పదేళ్ళు ఈయన స్కూటరు వెనక, ఒక పక్కకి కూర్చుని, ఒళ్ళో గ్యాస్ సిలిండరు పెట్టుకుని వచ్చాను."

"అబద్ధం," అన్నాడు సీతారామారావు. "నేను వంగినప్పుడల్లా నువ్వు అవతలి పక్కకి వంగేదానివి. అందుకే బండి లాగేది."

"మీరు వంగేది తప్పు పక్కకి. నేను సరిచేసేదాన్ని."

బొటనవేలు నొక్కింది. బండి ఎగిరి, తేరుకుని, నడిచింది. తుక్ తుక్ మంటూ పల్లంలోకి దిగింది. హెల్మెట్ కాసేపు కనిపించకుండా పోయింది. ఇంజను గొంతు ఒకసారి బరువెక్కింది. తర్వాత ఎర్ర బండి ముందు చక్రం అవతలి గట్టు మీదికి తేలింది.

సరిగ్గా అప్పుడే ఇంటి ముందు ట్రక్కు ఆగింది. హామిల్టన్ ఆయన, పొట్టిగా, బేస్‌బాల్ టోపీతో, పెరటి గేటు తీసుకుని వచ్చి ముగ్గురి పక్కనే నిలబడి అటే చూశాడు.

"ఈజ్ దట్ మై త్రీవీలర్?"

"వన్ మినిట్," అన్నాడు సీతారామారావు, కళ్ళు తిప్పకుండా. "షీ హాజ్ టు కమ్ బ్యాక్."

కంచె దగ్గర రత్నకుమారి తిప్పడం మొదలుపెట్టింది. బండి తిరగనని నేరుగా కంపోస్టు కుప్ప మీదికి వెళ్ళింది. ఆవిడ ఒక్కసారి సీటు మీద జరిగి, ఒంటిని పక్కకి వాల్చింది, గ్యాస్ సిలిండరు ఉన్నట్టే. వెనక చక్రమొకటి తేలికై, బండి ఎండిన టమాటా కర్రలన్నిటినీ విరుచుకుంటూ పెద్ద గుండ్రం తిరిగింది. ఇంటి వైపు మూతి పెట్టింది. పల్లం దిగింది, ఎక్కింది, వచ్చి వాళ్ళ ముందు ఆగింది.

హెల్మెట్ తీసిన ముఖం చెమటతో మెరుస్తోంది. కంపోస్టులోని ఉల్లితొక్క ఒకటి చీరకుచ్చెళ్ళు దోపినట్టు పాంటు నడుముకి అంటుకుని ఉంది.

హామిల్టన్ ఆయన చప్పట్లు కొట్టాడు. బండి చుట్టూ తిరిగి, వంగి ట్యాంకులోకి చూసి, ఇంత శుభ్రంగా ఎలా వచ్చిందని అడిగాడు. కావ్యశ్రీ చెప్పింది. "టామరిండ్?" అని ఆయన రెండుసార్లు అడిగి, ఫోనులో రాసుకున్నాడు.

"డోంట్ ఫర్గెట్ టు ఫిల్టర్," అన్నాడు సీతారామారావు గంభీరంగా. ఆ తర్వాత ఇబ్బందిగా తల గోక్కున్నాడు. మనిషి గంట దూరం నుంచి వచ్చాడు. వద్దని మెసేజ్ పెట్టాలని తనకే తోచలేదు. బండి ఎలాగూ నడవదనుకున్నాడు.

రత్నకుమారి దిగి, కాలు ఒకసారి చాచి చూసుకుని, గరాజ్ తలుపు పైకెత్తింది. ట్రెడ్‌మిల్ మీది కోట్లన్నీ తీసి సీతారామారావు చేతుల్లో వేసింది.

"దిస్ ఈజ్ ఆల్సో ఫ్రీ," అంది హామిల్టన్ ఆయనతో. "వెరీ న్యూ. నోబడీ యూజ్డ్."

"రత్నా!"

"ఉత్త చేతులతో పంపిస్తామా ఏవండీ?"

ట్రక్కు వెళ్ళిపోయాక నారు డబ్బాలన్నీ ఒక పాలడబ్బాల ట్రేలో సర్ది, క్యారియరుకి తాడుతో కట్టింది. కావ్యశ్రీ షిఫ్టుకి తయారవుతూనే ముడి సరిచూసింది. వేళ్ళ సందుల్లో నలుపు పోలేదు, పోగొట్టుకునే తొందర కూడా ఉన్నట్టు లేదు. సొరతీగని గొళ్ళెం నుంచి జాగ్రత్తగా విడదీసి తెచ్చింది సాత్విక.

సీతారామారావు పార భుజాన వేసుకుని బండి పక్కనే నిలబడ్డాడు.

"నన్నూ ఎక్కించుకుంటావా?"

"ఒక్కరికే సీటు," అంది రత్నకుమారి, హెల్మెట్ బిగించుకుంటూ. "నడిచి రండి. ట్రెడ్‌మిల్ కూడా లేదుగా."